పొడిచిన కత్తికి వైద్యం

మా ఆయన్ని పొడిచిన కత్తికి సాన పట్టింది మా ఆయనే. ఆ సంగతి ఎత్తితే ఆయనకి కోపం రావాలి కదా, రాదు. గర్వం వస్తుంది. నలుగురు మోసుకొచ్చి కొట్లో బల్ల మీద పడుకోబెట్టినప్పుడు, పిక్కలోంచి రక్తం కారుతూ ఉండగా, నా మొహం చూసి ఆయన అన్న మొదటి మాట ఇది:

"ఇదిగో, ఆ గాయం అంచు చూడు. ఎక్కడైనా చిరిగిందా? గీత గీసినట్టు తెగింది. మన పని అలా ఉంటుంది మరి."

ఏడుద్దామని తెరిచిన నోటితో తిట్టాల్సి వచ్చింది.

మాది సాన పట్టే కొట్టు. వీధి వైపు గదిలో సానరాయి, దాని వెనక గదిలో మేము. రాయి కింద ఒక తొక్కుడు చెక్క ఉంటుంది. కుడికాలితో దాన్ని తొక్కుతూ ఉంటే పైన రాయి తిరుగుతుంది, రెండు చేతులూ కత్తి మీద ఉంటాయి. ఇరవై రెండేళ్ళు అలా తొక్కీ తొక్కీ ఆయన కుడి పిక్క ఎడమదానికన్నా ఒకటిన్నర రెట్లు లావయింది. ఆయనకి మేజోళ్ళు అల్లితే రెండూ రెండు కొలతల్లో అల్లాలి. నది ఇవతలి ఊరికీ అవతలి ఊరికీ కలిపి సాన పట్టేది మేమొక్కళ్ళమే. కూరగాయల కత్తులు, కత్తెర్లు, గొడ్డళ్ళు, యుద్ధం వస్తే రెండు పక్కల కత్తులూ మా దగ్గరికే వస్తాయి. వాళ్ళ కత్తి ఒకలా, మన కత్తి ఒకలా పట్టడం ఆయనకి చేతకాదు. నేను ఎంత పోరినా వినలేదు. ఇప్పుడు అదే పిక్కలో, ఆ నున్నటి పనితనమే దిగింది.

యుద్ధం దేనికంటే గడియారానికి. మా ఊరి గడియారం అవతలి ఊరి గడియారం కన్నా పావుగంట ముందు నడుస్తుంది. మాదే సరైన సమయమని మేమూ, తమదేనని వాళ్ళూ ముప్ఫై ఏళ్ళుగా నోళ్ళు పారేసుకుని, చివరికి కత్తులతో తేల్చుకుందామనుకున్నారు. పొద్దున్న సరిగ్గా ఎనిమిదింటికి, నది ఒడ్డున పచ్చికలో. ఎవరి ఎనిమిదింటికో రాసుకోవాలని ఒక్క పెద్దమనిషికీ తోచలేదు.

మా వాళ్ళు మా ఎనిమిదికి వెళ్ళారు. అక్కడ పురుగు కూడా లేదు. శత్రువు భయపడి రాలేదని తేల్చుకుని, గెలిచినట్టు ప్రకటించుకుని, కత్తులు పక్కన పడేసి కూర్చున్నారు. మా ఆయన చెప్పులోకి గులకరాయి దూరిందని చెప్పు విప్పి దులుపుకుంటున్నారు. అప్పుడు వాళ్ళ ఎనిమిది అయింది. అవతలివాళ్ళు గట్టు మీద నుంచి అరుచుకుంటూ దిగారు. అందరికన్నా ముందు రొట్టెలు కాల్చే కుర్రాడు. కుర్రాడంటే ముప్ఫై ఏళ్ళవాడే, తల్లి చాటు బిడ్డ. భయంతో కళ్ళు గట్టిగా మూసుకుని పరిగెత్తాడట. మా ఆయన్ని తట్టుకుని బోర్లా పడ్డాడు, కత్తి పిక్కలో దిగింది. వాడు లేచి కళ్ళు తెరిచి, రక్తం చూసి, "అయ్యో, క్షమించండన్నా" అని కత్తి లాగి పారిపోయాడు. దాంతో అవతలివాళ్ళూ కత్తులు కింద పడేసి, రెండు పక్కలవాళ్ళూ మా ఆయన్ని మోయడానికి పోటీపడ్డారు. యుద్ధం మొత్తానికి అదే గాయం. గడియారాల సంగతి అలాగే ఉండిపోయింది.

ఇంకో పావుగంటలో పెద్ద వైద్యుడు దిగాడు. ఊరి వైద్యం అంతా ఆయన చేతిలోనే ఉంటుంది. లావుపాటి పుస్తకాలు చదివినవాడు, మాట పడనివాడు. వెనకాలే ఆయన బావమరిది, ఒక చేత్తో కుంపటి, ఇంకో చేత్తో నూనె గిన్నె. గాయం ఎలాంటిదైనా ఆ ఇంటి వైద్యం ఒకటే. ముందు సలసల కాగిన నూనె పోస్తారు. తరవాత పావురాల రెట్ట పట్టు వేస్తారు. రోజూ కట్టు విప్పి వేలు పెట్టి కెలికి చూస్తారు. వారానికి వాసన వస్తుంది, అప్పుడు కోసేస్తారు. మా అన్నయ్యకి అరచేతిలో చిన్న గీత పడితే ఇదే వరసలో వైద్యం జరిగి, మోచేతి దాకా పోయింది. ఇప్పుడు ఆయన చొక్కా గుండీలు వదిన పెడుతుంది.

నూనె బుడగలొస్తోంది. మా ఆయన మర్యాదకి పోయి కాలు ముందుకి చాపుతున్నారు. నేను అడ్డం నిలబడ్డాను.

"నూనె వద్దండి" అన్నాను.

"వద్దనడానికి నువ్వెవరమ్మా?" అన్నాడు పెద్ద వైద్యుడు.

"పెళ్ళాన్ని."

"యుద్ధంలో తగిలిన గాయం మీద ఊరి వైద్యుడిదే మాట. అది చట్టం."

"చట్టం సరేనండి. నయమయ్యే గాయానికి కూడా నూనె పోయాలని చట్టంలో ఉందా?"

ఆయన మొహం గంటు పెట్టుకున్నాడు. బావమరిది గిన్నె పట్టుకుని ఇటు చూడాలో అటు చూడాలో తెలియక నిలబడ్డాడు. చివరికి పెద్ద వైద్యుడు వేలెత్తి చూపించి అన్నాడు: "పది రోజులు ఇస్తున్నా. పదో రోజు పొద్దున్న వస్తాను. కాలు పనికిరాకుండా పోతే తీసేస్తాను. అప్పుడు నా చేతులు పట్టుకుని ఏడ్చినా వినను."

ఆయన వెళ్ళాక అసలు భయం పట్టుకుంది. పౌరుషానికి పోయి అన్నాను గానీ, వైద్యం నాకేం తెలుసు? ఆ కాలు పోతే మనిషి బతుకుతాడు, రాయి ఆగిపోతుంది. ఆ రాయి తిరగని ఇంట్లో ఈయన్ని ఎలా చూడను? నాకు ఆయన మీద ఉన్న కోపమంతా ఆయన ఆ రాయి ముందు కూర్చుంటేనే నిలబడుతుంది, లేకపోతే జాలిగా మారిపోతుంది.

అప్పుడు గుర్తొచ్చాడు లేపనం తాత. వంతెన దగ్గర ఉంటాడు. పూర్వం ఓడల మీద వైద్యం చేశాడు. పెద్ద వైద్యుడు ఆయన్ని పిచ్చివాడంటాడు, ఆయన పెద్ద వైద్యుణ్ణి వంటవాడంటాడు. తాత వచ్చి గాయం చూశాడు. కాచి చల్లార్చిన నీళ్ళతో కడిగాడు. ఉతికిన గుడ్డ చుట్టాడు.

"ఇక దీన్ని పదో రోజు దాకా ఎవరూ ముట్టుకోకూడదు" అన్నాడు.

"మందు రాయవా తాతా?"

"రాస్తాను. కత్తి ఏది?"

"కత్తెందుకు?"

"పొడిచింది కత్తి కదమ్మా. వైద్యం దానికి చెయ్యాలి. కత్తికి, గాయానికి సంబంధం తెగదు. దానికి లేపనం పూసి చల్లబరిస్తే ఇక్కడ గాయం మానుతుంది. దాన్ని ఎండలో పెడితే ఇక్కడ మండుతుంది."

ఆ లేపనంలో ఏమేం వేశాడని అడగొద్దన్నాడు. నేను అడిగాను. అడగకుండా ఉండాల్సింది. ఎలుగుబంటి కొవ్వు దాకా తట్టుకున్నాను, పుర్రె మీద మొలిచిన నాచు అన్నాక చెవులు మూసుకున్నాను. కానీ ఒకటి మాత్రం నాకు నచ్చింది. ఆ పాడు మందు మా ఆయన ఒంటికి తగలదు.

కత్తి అవతలి ఊళ్ళో ఉంది. లేపనం డబ్బా తీసుకుని పడవెక్కి వెళ్ళాను. రొట్టెల కొట్టు పట్టుకోవడం కష్టం కాలేదు. కొట్లో పొయ్యి పైన, గోడకి రెండు మేకులు కొట్టి, కత్తి వేలాడదీసి ఉంది. కింద రొట్టెల కుర్రాడి తల్లి కూర్చుని, వచ్చినవాళ్ళందరికీ రొట్టెతో పాటు కొడుకు శౌర్యం కూడా ఇస్తోంది. ఆమె లెక్క ప్రకారం వాడు ఆరుగురిని పొడిచాడు. నేను వింటుండగానే ఎనిమిదయ్యారు.

"పిన్నిగారూ, ఆ కత్తి ఒక పది రోజులు ఇప్పిస్తారా? మీ అబ్బాయి పొడిచింది మా ఆయన్నే" అన్నాను.

ఆమె నన్ను కింది నుంచి పైదాకా చూసింది. "ఇవ్వను. ముప్ఫై ఏళ్ళలో వాడు చేసిన ఘనకార్యం ఇదొక్కటే. గోడ బోసిపోతుంది."

బతిమాలాను. కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను, అవి నిజమైనవే. కాలు తీసేస్తారని చెప్పేసరికి ఆమె మెత్తబడింది. కత్తి గోడ దిగదు గానీ, లేపనం తనే పూస్తానంది. తాత చెప్పినట్టే చెప్పాను. రోజూ పొద్దున్న ఎనిమిదింటికి పిడి దగ్గర నుంచి మొన దాకా పూయాలి, ఆ సమయంలో రోగి అక్కడ కదలకుండా పడుకోవాలి.

"ఎవరి ఎనిమిదింటికి?" అంది ఆమె వెంటనే.

మళ్ళీ యుద్ధం మొదలయ్యేలా ఉందని మా ఆయన్ని రెండు ఎనిమిదులకీ పడుకోబెడతానని ఒప్పుకున్నాను. ఒక్కో ఎనిమిదికి పావుగంట చొప్పున మొత్తం అరగంట. ఆయన ఇంట్లో ఏనాడూ అంతసేపు కదలకుండా లేరు.

ఇంతలో రొట్టెల కుర్రాడు పిండి చేతులతో లోపలి నుంచి వచ్చాడు. నన్ను చూసి తలుపు చాటుకి వెళ్ళిపోయాడు. సిగ్గు పడుతున్నాడనుకున్నాను.

ఆ రోజు నుంచి మా ఇంటి సంగతులన్నీ అవతలి ఒడ్డున గోడ మీద జరిగాయి. మూడో రోజు ఆయనకి పిక్క దురద పుట్టింది. పడవెక్కి వెళ్ళి చూస్తే కత్తి మీద ఈగ వాలి ఉంది. ఈగని తోలాను. ఇంటికొచ్చేసరికి దురద తగ్గిందన్నారు ఆయన. ఐదో రోజు ఒళ్ళు వెచ్చబడింది. కత్తికి చలేస్తుందేమోనని పిన్నిగారు దాన్ని పొయ్యికి ఇంకో జానెడు దగ్గరగా దించిందని తెలిసి, మళ్ళీ పైకి ఎక్కించాం. ఆరో రోజు ఆయన వరసగా పదకొండు తుమ్ములు తుమ్మారు.

"వాళ్ళు కత్తి కింద పిండి జల్లెడ పడుతున్నారేమో చూడు" అన్నారు నాతో.

వెళ్ళి చూశాను. నిజంగానే జల్లెడ పడుతున్నారు. వాళ్ళు పిండి జల్లెడ పట్టకుండా ఉండే రోజంటూ లేదని నాకప్పుడు తట్టలేదు.

పిన్నిగారు నాకన్నా ముదిరిపోయింది. కత్తికి పాత శాలువా కప్పింది. కొట్లో ఎవరైనా గట్టిగా మాట్లాడితే "మెల్లిగా, అక్కడ మనిషి పడుకుని ఉన్నాడు" అని కసిరేది. నేను పడవ దిగగానే మొదటి ప్రశ్న ఆవిడదే: "రాత్రి నిద్ర పట్టిందా మీ ఆయనకి? ఇక్కడ నేను పసిబిడ్డలా చూసుకుంటున్నాను, అక్కడ ఆయన మాట వింటున్నాడా లేదా?" ఆమె కొడుకు పొడిచిన మనిషికి ఆమె ఇంత సేవ చేస్తుందని ఎవరనుకుంటారు? నాకు ఆమె మీద ప్రేమ పొంగుకొచ్చింది. ఇంత పనిలో మునిగి, గాయం వంక ఒక్కసారైనా చూద్దామని మాకెవరికీ గుర్తు రాలేదు.

పదో రోజు పొద్దున్నే, పెద్ద వైద్యుడు రాకముందే చివరి లేపనం పూయించి వద్దామని వెళ్ళాను. పిన్నిగారు ఘనంగా పూసింది. నేను తిరిగి రేవు దగ్గరికి వస్తుంటే వెనక నుంచి రొట్టెల కుర్రాడు పరిగెత్తుకుంటూ వచ్చాడు. ఈసారి కళ్ళు తెరిచే ఉన్నాయి.

"అక్కా, ఒక మాట. అమ్మకి చెప్పొద్దు" అన్నాడు.

"చెప్పు."

వాడు నీళ్ళు నమిలాడు. "ఆ గోడ మీద కత్తి నాది కాదు. అన్నని పొడిచింది... రక్తం చూసి భయమేసి నదిలో పారేశాను. ఉత్త చేతులతో ఇంటికెళితే అమ్మ తిడుతుందని, అక్కడ పడున్న కుప్పలోంచి ఒకటి ఏరుకొచ్చాను. అది ఎవరిదో. దాంతో ఎవరూ ఎవర్నీ ఏమీ చెయ్యలేదు."

నా గుండె జారి పడవలో పడింది. పది రోజులు. ఏ పాపం ఎరగని కత్తికి శాలువాలు కప్పి, ఈగలు తోలి, లేపనాలు పూశాం. పొడిచిన కత్తేమో నది అడుగున చలికి వణుకుతోంది. తాత మాట ప్రకారం మా ఆయన కాలు ఈపాటికి కుళ్ళిపోయి ఉండాలి. కుర్రాణ్ణి కొడదామని చెయ్యి లేచింది గానీ, వాడి మొహం చూస్తే వాడే ముందు ఏడ్చేలా ఉన్నాడు. పడవ నడిపే ఆయన్ని తొందరపెట్టి ఇవతలి ఒడ్డుకి వచ్చాను. దారి పొడుగునా ఒక్కటే అనుకున్నాను: ఈ సంగతి ఎవరికీ చెప్పను, పెద్ద వైద్యుడికి అస్సలు చెప్పను.

నేను గుమ్మంలో అడుగుపెట్టేసరికే ఆయన వచ్చి ఉన్నాడు. బావమరిది కుంపటి రాజేసి నూనె గిన్నె ఎక్కించాడు. బల్ల మీద తోలు సంచి విప్పి ఉంది. అందులో ఎముకకి రంపం, కండకి కొడవలి లాంటి పెద్ద వంపు కత్తి. తాత ఒక మూల మూతి ముడుచుకుని నిలబడ్డాడు. మా ఆయన మంచం మీద కూర్చుని ఉన్నారు, మొహంలో నెత్తురు లేదు.

"కట్టు విప్పి చూడండి ముందు" అన్నాను.

"చూసేదేముంది? పది రోజులు నూనె లేదు, పట్టు లేదు, ఒక్కసారి కెలికినవాడు లేడు. అలాంటి కాలు బతికి ఉండదు" అన్నాడు పెద్ద వైద్యుడు. వంపు కత్తి అందుకుని వెలుతురులో తిప్పి చూసి, బావమరిది మీద ఎగిరాడు. "ఇదేంటి, వెన్న కూడా తెగదు దీనికి. సాన పట్టించమని చెప్పానా లేదా?"

"పట్టించుదామనే తెచ్చాను బావా. ఊళ్ళో సాన పట్టేది వీళ్ళొక్కళ్ళే కదా."

కుంపటి మీద నూనె చిటపటమంటోంది.

"ఇలా ఇవ్వండి" అన్నారు మా ఆయన.

"ఏమండీ, అది మీ కాలు కొయ్యడానికి."

"ఎవరి కాలైతే ఏంటే? చూడు, మొన దగ్గర ఎన్ని పళ్ళు పడ్డాయో. సాన పట్టేవాడి కాలు మొద్దు కత్తితో కోశారని రేపు ఊరంతా చెప్పుకుంటే మన కొట్టు పరువేం కావాలి?"

ఇలాంటి మనిషితో ఇరవై రెండేళ్ళు కాపురం చేశాను. ఆయన గోడ పట్టుకుని కుంటుకుంటూ వెళ్ళి సానరాయి ముందు కూర్చున్నారు. కత్తి రెండు చేతులా పట్టుకుని కన్ను దగ్గర పెట్టి చూశారు. ఎప్పుడూ చేసేదే కాబట్టి, చూసుకోకుండానే కుడికాలు తొక్కుడు చెక్క మీద పెట్టారు.

మొదటి తొక్కుకి పళ్ళు బిగించారు. రాయి అరచుట్టు తిరిగి ఆగింది. నా ఊపిరి కూడా దాంతోనే ఆగింది. రెండో తొక్కుకి ఒక చుట్టు తిరిగింది. మూడు, నాలుగు. ఆ తరవాత ఇల్లంతా ఆ పాత గరగర నిండిపోయింది, నిప్పురవ్వలు లేచాయి. పది రోజులుగా ఆ చప్పుడు లేక ఇల్లు ఇల్లులా లేదని అప్పుడు తెలిసింది నాకు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, దాచుకోలేదు.

పెద్ద వైద్యుడు మాత్రం చేతులు కట్టుకుని కత్తి అంచు మీదే చూపు పెట్టాడు. "మొన దగ్గర ఇంకాస్త పట్టు" అన్నాడు. "అటు తిప్పు. ఆఁ, అలా." మా ఆయన ఆయన చెప్పినట్టల్లా చేశారు. కాలి వంక చూస్తున్నది నేనూ, తాతా, ఆ బావమరిదీ. బావమరిది ఏదో అనబోయి, బావ మొహం చూసి మానుకున్నాడు.

కత్తి తయారైంది. గుడ్డతో తుడిచి పిడి వైపు నుంచి అందించారు మా ఆయన. పెద్ద వైద్యుడు బొటనవేలు అంచు మీద ఆనించాడు.

"అయ్యా" అన్నాను నేను, "ఇంతసేపూ ఆ రాయి తిప్పింది ఏ కాలో చూశారా?"

ఆయన కిందికి చూశాడు. చూసిన విసురుకి బొటనవేలు కత్తి మీద జారింది. గీత గీసినట్టు తెగింది. మన పని అలా ఉంటుంది మరి.

మా ఆయన కట్టు తాత విప్పాడు. గాయం ఎర్రటి నిలువు గీతగా అతుక్కుని, పొడిగా ఉంది. పెద్ద వైద్యుడు ఆ గీతని చూశాడు, తన వేలి నుంచి కారుతున్న రక్తాన్ని చూశాడు. ఆయన ఏదో అనేలోపే బావమరిది గిన్నె ఎత్తి పట్టుకున్నాడు.

"ఒక్క నిమిషం ఓర్చుకో బావా. నూనె కాగే ఉంది."

పెద్ద వైద్యుడు చెయ్యి వీపు వెనక దాచుకున్నాడు. రెండు అడుగులు వెనక్కి వేసి గోడకి ఆనుకున్నాడు. తాత వంక చూడటానికి మొహం చెల్లక, నా దగ్గరికి జరిగి గొంతు బాగా తగ్గించాడు.

"అమ్మా, ఆ లేపనం... ఇంకా ఏమైనా మిగిలిందా?"

చెప్పేయొచ్చు ఆ క్షణంలో. నదిలో కత్తి సంగతి, గోడ మీద కత్తి సంగతి, అంతా. తాత గర్వంగా నిటారుగా నిలబడ్డాడు. నూనె గిన్నెలోంచి పొగ లేస్తోంది. పది రోజుల్లో మేమందరం కలిసి ఆ గాయానికి చేసింది ఏమిటా అని వెతుక్కుంటే నాకు ఒక్కటే దొరికింది: ఎవరం దాని జోలికి పోలేదు. మా అన్నయ్య చేతి జోలికి కూడా ఎవరూ పోకుండా ఉంటే బాగుండేదని, మొట్టమొదటిసారి కడుపు రగిలిపోయింది.

"డబ్బా సగానికి పైనే ఉందండి" అన్నాను.

ఆయన వేలు కాచిన నీళ్ళతో కడిగి, ఉతికిన గుడ్డ చుట్టాను. వంపు కత్తి బల్ల మీద పెట్టి, పిడి దగ్గర నుంచి మొన దాకా నిండుగా లేపనం పూశాను. పాత శాలువా ఒకటి తెచ్చి కప్పి, ఆయన రెండు చేతుల్లో పెట్టాను.

"కత్తిని రోజూ చూసుకోండి. ఈగలు వాలనివ్వకండి, పొయ్యి దగ్గర పెట్టకండి, ఎవరినీ వాడనివ్వకండి" అన్నాను. "వేలిని మాత్రం పది రోజులదాకా ఏ వైద్యుడూ ముట్టుకోకూడదు. మీతో సహా."